పసుపు మూత

"నీ చేతులు ఆసుపత్రి కంపు కొడతాయి. తరిగి అటు పెట్టు చాలు. క్యాన్లలో నువ్వు వెయ్యకు, ఊరగాయ చెడుతుంది" అంది హగ్గా నబవియ్యా, హజ్ యాత్ర చేసొచ్చిన పెద్దావిడ.

సుహైర్ తన అత్తగారి నోట ఈ మాట పద్నాలుగేళ్లుగా వింటోంది. మొదటి ఏడాది ఏడ్చింది. ఆ తర్వాత రెండేళ్లు సబ్బు అరిగేదాకా చేతులు రుద్దుకుంది. ఆపైన వినడం మానేసింది. ఇవాళ శుక్రవారం, సెలవు. ఆ సెలవు ఆసుపత్రికే గాని వంటింటికి కాదు. తెల్లారి లేచి ఫూల్ చిక్కుడు గింజలు పొయ్యి మీద పడేసి, మొగుడి జుమ్మా నమాజుకి తెల్ల గలాబియ్యా అంగీ ఇస్త్రీ చేసి, కూతురు మర్యంకి జడలేసి, ఇప్పుడు బాల్చీడు ఆలివ్ కాయలు ముందేసుకుని ఒక్కోదానికి కత్తితో గాటు పెడుతోంది. కడగడం, తరగడం, గాట్లు పెట్టడం, ఉప్పు కలపడం, అన్నీ అయ్యాక నేల తుడవడం, ఇవన్నీ ఆసుపత్రి కంపు కొట్టే చేతులు చెయ్యొచ్చు. ఉప్పునీళ్లు పోసి మూత బిగించే ఘనకార్యం మాత్రం అత్తగారిది. ఆడపడుచులు, వాళ్ల తోడికోడళ్లు, మెట్ల మీద ఎదురయ్యే ప్రతివాళ్లూ దాన్ని హగ్గా చేతి ఊరగాయ అంటారు. గాట్లు ఎవరు పెట్టారని ఇంతవరకు ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

గాట్లు పెట్టిన కాయలు పళ్లెంలో అందిస్తూ అత్తగారి చేతి వంక చూసింది సుహైర్. కుడిచేతి మూడు వేళ్ల కొసలు సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఆ వేళ్లేంటి అత్తయ్యా?"

"ఏ వేళ్లు?"

"ఆ తెలుపు."

"పిండి అంటుకుంది" అని ముసలావిడ చెయ్యి ముసుగు కొంగులోకి లాక్కుంది.

ఇవాళ ఆ ఇంట్లో పిండి ఎవరూ కలపలేదు. రొట్టెలు పొద్దున్నే మర్యం బేకరీ నుంచి తెచ్చింది. సుహైర్ మరో కాయకు గాటు పెట్టింది. ఆ తెలుపు ఆమెకు తెలుసు. డయాలసిస్ యంత్రాలూ ఫిల్టర్లూ కడిగే ఘాటు మందు ఒకటుంది. గ్లవ్స్ చిరిగితే చాలు, తగిలిన చోట తోలు తెల్లగా అయిపోయి మూడు రోజులు మంట పెడుతుంది. అలాంటి తెలుపు పిండికి రాదు, సున్నానికి రాదు. ఆ మందు ఉండేది ఆసుపత్రిలో, తన వార్డులో, తాళం వేసిన బీరువాలో. మూడో అంతస్తులో, కాలవ వైపు బాల్కనీ ఉన్న ఈ వంటింట్లోకి అదెలా వచ్చింది?

అనుమానం పెనుభూతం అంటారు. సుహైర్‌కి ఆ భూతం ఇవాళ కొత్తగా పట్టింది కాదు, రెండు నెలలుగా వెంటే తిరుగుతోంది.

ఆమె డయాలసిస్ వార్డులో పెద్ద నర్సు. ఏడాదిన్నర కిందటి దాకా ఆ ఆసుపత్రిలో ఏ చెత్తయినా ఎర్ర సంచిలోకే పోయేది. నెత్తురంటిన సూదీ అందులోకే, రోగి చుట్టం తాగి పారేసిన టీ కప్పూ అందులోకే. ఎర్ర సంచులన్నీ ఊరి చివర కొలిమిలో కాలేవి. ఆ పొగ కింద బతికే పేటలోంచి పిల్లలు దగ్గుకుంటూ మళ్లీ ఇదే ఆసుపత్రికి వచ్చేవాళ్లు. జబ్బూ మేమే ఇచ్చి మందూ మేమే ఇస్తున్నామా అని సుహైర్‌కి సిగ్గేసింది. సిగ్గుపడి ఊరుకునే రకం కాదు గనక ఒక పద్ధతి ఆలోచించింది. నెత్తురున్నదే ఎర్ర సంచికి పోవాలి. కాగితం, కప్పు, రొట్టె నల్ల సంచికి. డయాలసిస్ ద్రావణం వచ్చే తెల్ల క్యాన్లు, నీలం మూతవి, మూడుసార్లు నీళ్లతో తొలిచి, కాల్చిన ఊచతో అడుగున మూడు బొక్కలు పొడిచి మామూలు ప్లాస్టిక్‌లోకి. ఆ బొక్కలెందుకో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. గట్టి తెల్ల క్యాన్, పిడి ఉన్నది, మూత బిగుతుగా పట్టేది చేతికి చిక్కితే ఏ ఇల్లాలూ పారెయ్యదు. అందులో ఊరగాయ వేస్తుంది. ఇక యంత్రాలు కడిగే మందు వచ్చేది కూడా అచ్చం అలాంటి క్యానే. తేడా మూత రంగొక్కటే, పసుపు. అవి మాత్రం ఎంత తొలిచినా ఎర్ర సంచి దాటకూడదు.

బొక్కలు పొడవడానికి ఆసుపత్రిలో ఏమీ ఇవ్వలేదు. సుహైర్ తన పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చిన కబాబు ఊచల్లో ఒకటి తీసుకెళ్లి ఆయా ఉమ్ శీమా చేతిలో పెట్టింది.

ఆరు నెలల్లో ఎర్ర సంచులు సగానికి తగ్గాయి. అప్పుడు కమిటీ వేశారు. ఏడుగురు, ఏడుగురూ మగవాళ్లే. అందులో స్టోర్ కీపర్ హమ్దీ, అంటే సుహైర్ మొగుడు, ఒకడు. మొదటి సమావేశంలో డైరెక్టర్ గారు "మిస్ సుహైర్ మంచి మాట చెప్పింది" అని మెచ్చుకుని, టీ సంగతి కూడా ఆమెనే చూడమన్నారు. ఆమె చూసింది. ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడితే లోపల హమ్దీ గొంతు వినిపించింది: "ఈ పద్ధతి పెట్టాక మా స్టోర్‌లో..." మా అంటున్నాడు. ఇంటికొచ్చాక ఆ మాటెత్తితే నవ్వాడు. "నువ్వూ నేనూ వేరా ఏంటి? మొగుడికి పేరొస్తే పెళ్లానికి రానట్టా?"

రెండు నెలలుగా సంచులు ఇంకా తగ్గాయి. అందరూ సంబరపడుతున్నారు. సుహైర్‌కి మాత్రం ముద్ద దిగడం లేదు. రోగులు అంతే, యంత్రాలు అంతే, మందు వాడకం అంతే. మరి సంచులెలా తగ్గుతాయి? ఎర్ర గదిలో పసుపు మూత క్యాన్ కంటికి కనిపించి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. హమ్దీని అడిగితే విసుక్కున్నాడు. "ఇంట్లో నా సిగరెట్లు లెక్కపెడతావు, అక్కడ క్యాన్లు లెక్కపెడతావు. నీకు పాలల్లోనూ పురుగే కనిపిస్తుంది." గురువారం గురువారం చెత్త రిజిస్టర్ పట్టుకొచ్చేదీ అతనే. సరిగ్గా ఆమె రోగికి సూదులు గుచ్చుతున్న వేళకే వస్తాడు. "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తాడు. ఆమె ఓ చేత్తో గొట్టం పట్టుకుని రెండో చేత్తో సంతకం పెట్టేది. మొగుడు తెచ్చిన కాగితం చదివి సంతకం పెట్టే ఆడది ఆ ఊళ్లో ఎవరుంటారు?

అనుమానం ఎప్పుడూ కింద ఉన్నవాళ్ల మీదికే ముందు పాకుతుంది. సుహైర్ అనుమానమూ అంతే, ఉమ్ శీమా మీదికి పాకింది. పేదది, నలుగురు పిల్లలు, క్యాన్లు పట్టుకుపోతోందేమో. వారం రోజులు ఆమెను కనిపెట్టింది. నిన్న సాయంత్రం డ్యూటీ దిగేముందు ఉమ్ శీమా తనే ఎదురొచ్చి, న్యూస్‌పేపర్‌లో చుట్టిన ఊచ చేతిలో పెట్టింది.

"నీ ఊచ నువ్వే ఉంచుకో మిస్. దీంతో ఇక్కడ పని లేదిప్పుడు."

"పని లేకపోవడమేంటి? క్యాన్లు పొడవడం లేదా?"

"పొడవొద్దన్నారుగా. రెండు నెలలైంది."

"ఎవరన్నారు?"

ఉమ్ శీమా చీపురు గోడకు ఆనించి ఆమె మొహంలోకి చూసింది. "వారం రోజుల నుంచి నా సంచీ వంక చూస్తున్నావ్. చూడు, నేనేమీ అనుకోను, అలవాటే మాకు. కానీ అడగాల్సిన చోట అడుగు. ఆ చోటు నీకు ఆసుపత్రి కంటే దగ్గర."

రాత్రంతా ఆ మాట నమిలింది సుహైర్. మింగుడు పడలేదు. ఇప్పుడు ఈ తెల్ల వేళ్లు చూశాక పడింది.

కత్తి పక్కన పెట్టి లేచి బాల్కనీలోకి నడిచింది.

"ఎక్కడికి? కాయలు ఇంకా ఉన్నాయి" అని వెనక నుంచి కేకేసింది అత్తగారు.

బాల్కనీ మూల పాత గలాబియ్యా కప్పిన వరస ఒకటుంది. మూడు వారాలుగా అక్కడే ఉంది. హగ్గా ఊరగాయల మీద నీడ ఉండాలంటుంది గనక ఆ గుడ్డ ఎత్తి చూడాలని సుహైర్‌కి ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు ఎత్తింది. ఐదు తెల్ల క్యాన్లు. కాగితాలు గీకేసిన జిగురు మరకలు. నాలుగింట్లో క్యారెట్లూ నిమ్మకాయలూ ఊరుతున్నాయి, ఐదోది ఖాళీ. అన్నింటికీ పసుపు మూతలే.

ఐదో దాని మూత తిప్పింది. ముక్కుపుటాలు కాలేంత వెనిగర్ వాసన. అడుగున గ్లాసుడు మందు ఇంకా మిగిలే ఉంది.

"అది వెనిగర్ క్యాన్" అంది వెనకే వచ్చిన హగ్గా, కాస్త గర్వంగానే. "హమ్దీ తెచ్చాడు. ఎంత ఘాటో చూశావా? బజారులో దొరికేదంతా నీళ్లే. ఇది వేస్తే కాయ కరకరలాడుతుంది. అడుగున ఉన్నది పారబొయ్యడమెందుకని అందులోనే ఉప్పునీళ్లు కలిపేశా. ఇవాళ ఇది తెరుస్తుంటే చేతి మీద చింది మండింది, అంతే. మంచి వెనిగర్ మండదా మరి?"

సుహైర్‌కి ముసలావిడ మీద కోపం రావాలి, రాలేదు. యాభై ఏళ్లు ఊరగాయ పెట్టిన ముక్కు అది. ఆ ముక్కుకి ఆ వాసన వెనిగరే. తెల్ల క్యాన్, పుల్లటి ఘాటు, కొడుకు తెచ్చిచ్చినది. ఇంకెలా అనుకుంటుంది? యంత్రానికంటిన నెత్తురు కడగడానికి వాడే మందు మెంతికారం పక్కన కూర్చుంటుందని ఎవరు కలగంటారు?

అప్పుడు మర్యం నోరు గుర్తొచ్చింది.

పది రోజుల కిందట పిల్ల నోరంతా పూసింది. పెదాల లోపల తెల్ల పొక్కులు. మూడు రోజులు నీళ్లు కూడా తాగలేకపోయింది. "తల్లి పొద్దున్నే ఆసుపత్రికి పరిగెడితే పిల్ల కడుపు ఎండదా, నోరు పుయ్యదా?" అని హగ్గా తిట్టింది. హమ్దీ కూడా అదే అన్నాడు, కాస్త మెత్తగా. సుహైర్ నమ్మింది. నర్సయి ఉండి, పదిహేడేళ్లు నెత్తురూ పుండ్లూ చూసి ఉండి, తన బిడ్డ నోటి పుండుకి కారణం తన ఉద్యోగమని నమ్మింది. తేనె రాసింది, ఏడ్చింది, రెండు రోజులు సెలవు పెట్టి బతిమాలి తినిపించింది. ఏం తినిపించింది? పిల్లకి ఇష్టమని అన్నంలోకి నిమ్మకాయ ఊరగాయ. ఆ ఊరగాయే.

హమ్దీ అత్తరు రాసుకుంటూ గదిలోంచి వచ్చాడు. నమాజు వేళవుతోంది, మసీదు మైకు గొంతు సవరించుకుంటోంది. బాల్కనీలో గుడ్డ తీసి ఉండడం చూసి ఆగాడు. తల్లి వంక చూసి, "అమ్మా, నువ్వు కాస్త లోపల కూర్చో" అన్నాడు. ఆ ఒక్క మాటతో సుహైర్‌కి మిగిలిన అనుమానమూ తీరిపోయింది. తెలియక చేసినవాడు తల్లిని లోపలికి పంపడు.

"మర్యం నాన్నా, ఇవి మందు క్యాన్లు."

"తొలిచినవే."

"తొలవలేదు. అడుగున మందుంది. మర్యం నోరు..."

"మొదలెట్టావూ! మర్యం నోరు పూస్తే క్యాన్ వల్లా? పిల్లలకి నోళ్లు పూయవా?" గొంతు తగ్గించాడు. "చూడు. ఊళ్లో ప్రతివాడూ క్యాన్ అడుగుతున్నాడు. నీలం మూతవి నువ్వు బొక్కలు పొడిపిస్తివి. మనిషి అడిగితే లేదనడం నా వల్ల కాదు. పొడవడం ఆపించా. అవీ చాలక ఇవి. నాలుగిళ్లలో ఊరగాయ ఊరింది, ఎర్ర సంచులూ తగ్గాయి. ఒక దెబ్బకు రెండు పిట్టలు. ఎవరికి నష్టం?"

"ఎవరెవరికి ఇచ్చావు?"

"మన మెట్ల మీద ఉండే ఇళ్లవాళ్లకి. కమిటీలో వాళ్లకి. డైరెక్టర్ గారి అమ్మగారికి రెండు."

"వాళ్లకి చెప్పాలి. ఇవాళే."

హమ్దీ నవ్వాడు. భార్య అమాయకత్వం మీద మొగుళ్లు నవ్వే నవ్వది. "ఎల్లుండి ఆదివారం సభ. పైనుంచి పెద్దలొస్తున్నారు, ప్రమాదకర చెత్త తగ్గించిన ఆసుపత్రి అని ఫలకం ఇస్తున్నారు. ఆ భోజనాల్లోకి ఊరగాయ కూడా అమ్మదే. నన్ను స్టోర్ల పైఅధికారిని చేస్తామన్నారు. ఇప్పుడు నువ్వెళ్లి క్యాన్లంటావా? పో, చెప్పు. రిజిస్టర్‌లో అన్ని వారాలూ సంతకం ఎవరిది? పసుపు మూతలు ఎర్ర సంచిలో పడ్డాయని రాసి ఉన్న ప్రతి గీత కిందా నీ పేరే ఉంది. ముందు పోయేది నీ ఉద్యోగం. తర్వాత మన ఇల్లు."

అతను ఆమె మౌనాన్ని ఎప్పటి మౌనమే అనుకున్నాడు.

"మన క్యాన్లు నేనే రేపు అవతల పారేస్తాలే. నువ్వు కాస్త ఆ కాయలు ముగించు, అమ్మకి నడుం నొప్పి" అని చెప్పులేసుకుని మెట్లు దిగాడు. అత్తరు వాసన ఒక నిమిషం గుమ్మంలో నిలబడి అదీ వెళ్లిపోయింది.

సుహైర్ బాల్చీ ముందు కూర్చుంది. చేతులు అలవాటు కొద్దీ కత్తి తీసుకున్నాయి, రెండు కాయలకు గాట్లు కూడా పెట్టాయి. ఎంత బుద్ధిమంతురాళ్లు ఈ చేతులు! టీ పట్టుకెళ్లమంటే పట్టుకెళ్లాయి, వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టాయి. ఆ పద్ధతి తనదే, ఆ పేరు అతనిది. ఆ దొంగతనం అతనిదే, ఆ సంతకం తనది. పంపకం ఎంత చక్కగా జరిగిందో చూస్తే నవ్వొచ్చింది. ఉద్యోగం పోతుంది, నిజమే. పదిహేడేళ్ల ఉద్యోగం, తన పేరుతో తనకు మిగిలిన ఒక్కగానొక్కటి. నోరు మూసుకుంటే నిలుస్తుంది. పదిళ్లలో పిల్లలు నోళ్లు పూసి ఏడుస్తుంటే, వాళ్ల అమ్మలు తమనే తిట్టుకుంటూ తేనె రాస్తుంటే, తను ఎల్లుండి ఇస్త్రీ యూనిఫాం వేసుకుని సభలో టీ అందిస్తుంది.

లేచింది. తన చేతిసంచిలోంచి గ్లవ్స్ తీసి తొడుక్కుంది. న్యూస్‌పేపర్ విప్పి ఊచ తీసింది. ఫూల్ కుండ దించి, ఆ మంట మీద ఊచ కొస ఎర్రబడేదాకా పట్టుకుంది.

"కబాబా ఇప్పుడు?" అంది హగ్గా, వంటింటి గుమ్మంలోకి వచ్చి.

"కాదత్తయ్యా. నీ వేళ్లు చల్లటి నీళ్ల కింద పెట్టు. చాలాసేపు పెట్టు. అది వెనిగర్ కాదు."

మందు మిగిలిన ఐదో క్యాన్‌కి మూత బిగించి దూరంగా పెట్టింది. అది ఎర్ర సంచికే పోవాలి. మిగతా నాలుగింటినీ వంటింటి నేల మీదికి లాక్కొచ్చి అడుగున పొడిచింది. ఒక్కోదానికి మూడు బొక్కలు, ఉమ్ శీమాకి తను నేర్పినట్టే. ప్లాస్టిక్ చుయ్యిమంది. క్యారెట్ రంగు నీళ్లు పలకల మీద పరుచుకుని, గుమ్మం దాటి, హాల్లో తివాచీ అంచు తడిపాయి.

"అయ్యో, నా ఊరగాయ! నీకు పిచ్చి పట్టిందే! నేల, నేల చూడు!" అని హగ్గా గుండెలు బాదుకుంది. తర్వాత తన తెల్ల వేళ్ల వంక చూసుకుంది, కోడలి వంక చూసింది. గొంతు చిన్నదైపోయింది. "మర్యం నోరు... దీని వల్లేనా?"

"అవునత్తయ్యా."

ముసలావిడ వెళ్లి కుళాయి కింద చెయ్యి పెట్టింది.

సుహైర్ నేల తుడవలేదు. పద్నాలుగేళ్లలో మొదటిసారి, తడి నేలను అలాగే వదిలి, దాని మీద నుంచే నడిచి, చేతిలో ఊచతో రెండో అంతస్తుకు దిగింది. మగవాళ్లంతా మసీదులో ఉన్నారు, మెట్ల మీద ఉల్లిపాయలు వేగే వాసన తప్ప మనిషి అలికిడి లేదు. అబ్లా తహానీ తలుపు తట్టింది. తహానీ బడి టీచరు, అందుకే అందరికీ అబ్లా; మాట సూటిగా ఉండే మనిషి. చేతిలో గరిటెతో తలుపు తీసి, ఊచ చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"అబ్లా, మీ ఇంట్లో పసుపు మూత క్యాన్ ఉందా? అందులోది ఎవరూ తినకండి. అది ఆసుపత్రి మందు క్యాన్."

"వారం నుంచి తింటున్నాం కదే!" తహానీ మొహం పాలిపోయింది. "చిన్నాడు నోరు మంటని ఏడుస్తుంటే వేడి చేసిందనుకున్నా. ఎవడు సుహైర్ ఇలాంటివి ఇళ్లకి పంచింది? మంచివేనని ఎవరు రాసిచ్చారు?"

సుహైర్ ఇన్నేళ్లలో పరాయివాళ్ల ముందు మొగుణ్ని పేరు పెట్టి అనలేదు. మర్యం వాళ్ల నాన్న అనేది. కింద మసీదులోంచి ఖుత్బా ప్రసంగం వినిపిస్తోంది.

"పంచింది హమ్దీ అబ్దుల్‌మౌలా, స్టోర్ కీపర్" అంది. "రాసిచ్చిన సంతకం నాది. ముందు పిల్లాణ్ని చూపించు అబ్లా, తర్వాత ఆ క్యాన్."